నత్తల గది ఖాళీ చేయుట గురించి

వైస్ చాన్సలర్ గది, పై అంతస్తు
(కుర్చీ అంచున కూర్చుని)

అక్కకి, తమ్ముడు తల గోక్కుంటూ రాస్తున్నది.

ఫోన్ చేస్తే నువ్వు తిడతావు, నేను "సరే అక్కా, సరే అక్కా" అంటాను, పెట్టేశాక ఏం మాట్లాడుకున్నామో ఇద్దరికీ గుర్తుండదు. "ముఖ్యమైన సంగతైతే కాగితం మీద పెట్టి ఏడు" అని రూలు పెట్టింది నువ్వే. పెట్టి ఏడుస్తున్నాను.

నన్ను ఇన్‌చార్జి వైస్ చాన్సలర్‌ని చేశారు.

నవ్వకు. పాతాయన రిటైరయ్యారు. కొత్తవాళ్ళని ఎంపిక చేసేదాకా ఎవరో ఒకరు కూర్చోవాలి కదా. సైన్సు వాళ్ళు తమ డీన్ పేరు చెబితే ఆర్ట్స్ వాళ్ళు లేచి అరిచారు. ఆర్ట్స్ వాళ్ళు తమ డీన్ పేరు చెబితే సైన్సు వాళ్ళు బల్లలు గుద్దారు. వెనక నుంచి ఎవరో "పోనీ, నత్తల మాస్టార్ని కూర్చోబెట్టండి" అన్నారు. అందరూ ఒక్కసారిగా నవ్వారు. ఆ నవ్వుని ఏకగ్రీవ ఆమోదం అని రాసేసుకున్నారు.

ఎందుకు ఒప్పుకున్నావురా అంటావా? నా నత్తల కోసం. కింద నేలమాళిగలో నా గది ఉంది కదా, ఎండ పడదు, ఎప్పుడూ చెమ్మగా ఉంటుంది. నా ఉద్యోగమంతా నత్తల మీద పరిశోధన చేస్తూ ఆ గదిలోనే గడిచింది. పాత వైస్ చాన్సలర్ గారు వెళ్తూ వెళ్తూ ఆ గదిని నాయకత్వ శిక్షణ కేంద్రానికి ఇచ్చేశారు. మేడ మీదకి మారిస్తే నత్తలు ఎండిపోయి చస్తాయి. ఇన్‌చార్జిగా ఉంటే ఆ ఉత్తర్వు నేనే రద్దు చెయ్యొచ్చని ఎక్కి కూర్చున్నాను.

చెయ్యాల్సిందల్లా ఆ కేంద్రం పెద్దాయన్ని పిలిచి "గది ఇవ్వడం కుదరదండీ" అనడమే. మేనేజ్‌మెంట్ ప్రొఫెసరు ఆయన. ఎదురుపడ్డ ప్రతివాడిదీ ఏ నాయకత్వ శైలో చెబుతాడని అందరూ స్టైలు మాస్టారు అంటారు. నిన్న పిలిచాను. "కు" దాకా వచ్చాను. ఆయన ఆశగా చూశాడు. "కు... కుర్చీలెన్ని కావాలి?" అని నోరు జారింది.

గదితో పాటు కుర్చీలు కూడా ఇస్తానని ఒప్పుకుని పంపాను. ఏం చెయ్యమంటావో రాయి.

నీ తమ్ముడు


రిజిస్ట్రార్ కార్యాలయం
(తలుపు వేసుకుని)

ఒరేయ్ నత్తల పంతులూ,

నీ ఉత్తరం చదివి ముందు నవ్వాను, తర్వాత నెత్తి కొట్టుకున్నాను. మెత్తనివాణ్ణి చూస్తే మొత్తబుద్ధి అని ఊరికే అన్నారా? చిన్నప్పుడు నీ సైకిలు ఎవడడిగినా ఇచ్చేవాడివి, పైగా టైర్లలో గాలి కొట్టి మరీ ఇచ్చేవాడివి. ఇప్పుడు గది ఇచ్చి కుర్చీలు కూడా మోస్తావా?

విను. ఇన్నేళ్ళుగా మా యూనివర్సిటీలో రిజిస్ట్రారుగా నేను నేర్చుకున్నది చెబుతున్నాను. ఒకటి, వచ్చినవాణ్ణి కూర్చోమనకు. కూర్చున్నవాడు లేవడు. రెండోది, "కాదు" అన్నాక ఎందుకు కాదో చెప్పకు. కారణం చెప్పావా, దాన్ని పట్టుకుని వేలాడతాడు. అసలు నోరు పెగలకపోతే మాట్లాడకుండా చూస్తూ కూర్చో, వాడే జారుకుంటాడు. నేను వరండాలో నడుస్తుంటే గుమాస్తాలు ఊపిరి బిగబడతారు. ఒక్క ఫైలూ ఆగదు. ఇదీ పరిపాలనంటే.

అన్నట్టు, మీ వైస్ చాన్సలర్ బంగళాకి ముందు గదిలో కిటికీలెన్ని? వెడల్పువా, సన్నవా? వంటింట్లో అటకలున్నాయా? ఊరికే అడుగుతున్నాను.

అక్క

(బావమరిదీ, పళ్ళ డాక్టరుగా రోజంతా ఊరందరి నోళ్ళూ తెరిపిస్తాను. ఇంటికొచ్చి నా నోరు మూసుకుంటాను. మీ అక్క పద్ధతి బాగా పనిచేస్తుందని సాక్ష్యం చెప్పగలను. - బావ)


వైస్ చాన్సలర్ గది
(నిలబడి)

అక్కకి,

నీ మంత్రాలన్నీ జపించాను. ఫలితం విను.

సందర్శకుల కుర్చీలు తీయించేశాను. పాపం ముందుగా వచ్చింది ముసలి లైబ్రేరియను. ఆయన నిలబడి మాట్లాడుతుంటే ప్రాణం ఉసూరుమంది. నా కుర్చీ ఆయనకిచ్చి నేను నిలబడ్డాను. ఆ వార్త పాకింది. ఇప్పుడు ఎవరొచ్చినా తిన్నగా వెళ్ళి నా కుర్చీలో కూర్చుంటున్నారు. పరీక్షల అధికారి అయితే తిరిగే కుర్చీ కదా అని ఒక రౌండు తిరిగి మరీ సమస్య చెబుతాడు. స్టైలు మాస్టారు గుమ్మంలో నిలబడి ఇదంతా చూసి కళ్ళు తుడుచుకున్నాడు. "ఇది సేవక నాయకత్వం సార్! నా పాఠాల్లో చెప్పడమే గానీ కళ్ళారా చూడలేదు" అన్నాడు.

ఆయనతో గది సంగతి ఎత్తి, నువ్వు చెప్పినట్టే మాట్లాడకుండా చూస్తూ కూర్చున్నాను. అంటే నిలబడ్డాను. ఆయనా కళ్ళార్పకుండా చూశాడు. చాలాసేపయ్యాక "మౌన నాయకత్వం!" అని నా చేతులు పట్టుకుని ఊపి, వెళ్ళి గదికి కొలతలు తీయించాడు. మౌనం అర్ధాంగీకారం అంటారని సగం గదే తీసుకున్నాడట, అదీ ఆయన మంచితనం. మధ్యలో చెక్క గోడ కట్టేశారు. ఇటు నేనూ నత్తలూ, అటు "మీలోని సింహాన్ని లేపండి" అని కేకలు. నత్తలు గుల్లల్లోంచి బయటికి రావడం లేదక్కా. వాటి తప్పేముంది, నాకే దాక్కోవాలనిపిస్తోంది.

ఒక్క మంచి సంగతి. పెద్ద హాలు ఒకే వారానికి పరీక్షల అధికారీ అడిగాడు, హాస్టలు వార్డెనూ అడిగింది. ఇద్దరికీ మాటల్లేవు, ఏళ్ళ నాటి పంతం. నేను ఇద్దరికీ సరే అన్నాను. ఇంకేముంది, కొట్టుకుంటారని బీరువా వెనక నక్కాను. హాలు నా దగ్గర తేలదని వాళ్ళకి అర్థమై, గతిలేక వాళ్ళలో వాళ్ళే మాట్లాడుకున్నారు. పొద్దున పరీక్షలు, సాయంత్రం హాస్టలు పిల్లల నాటకాలు అని పంచుకున్నారు. ఇప్పుడు కలిసి టీ తాగుతున్నారు. "సార్ భలే ఎత్తు వేశారు" అని ఊరంతా అంటోంది. ఎత్తూ లేదు, గొయ్యీ లేదు. నాకు కాదనడం రాలేదు, అంతే.

బంగళా ముందు గదికి కిటికీలు ఏడు. వెడల్పువే. ఎందుకక్కా?

నీ తమ్ముడు


రిజిస్ట్రార్ కార్యాలయం

తమ్ముడికి,

గుడ్డిగుర్రానికి ఒకసారి దారి దొరికితే దాన్ని రేసుకి పంపుతారా? నీకు కలిసొచ్చింది, అంతే. పొంగిపోకు. బీరువా వెనక నక్కే వైస్ చాన్సలర్ని నేనింతవరకు వినలేదు.

మా స్నాతకోత్సవం బాగా జరిగింది. అంతా గడియారం ప్రకారమే. తలుపు తాళం ఒకటి కాస్త మొరాయించింది గానీ చెప్పుకోదగ్గదేమీ కాదు. చెక్క గోడ సంగతి తేల్చు. కాదు అనడం అద్దం ముందు నిలబడి సాధన చెయ్యి. ఏడు కిటికీలంటే గుడ్డ చాలానే పడుతుంది.

అక్క

(బావమరిదీ, తాళం సంగతి నేను చెబుతాను. పది కొట్టగానే హాలు తలుపులన్నీ తాళం వెయ్యాలని, కార్యక్రమం మధ్యలో ఎవడూ తన దగ్గరికొచ్చి గుసగుసలాడకూడదని మీ అక్క ఉత్తర్వు. పది కొట్టేసరికి ముఖ్య అతిథి గారు వేదిక వెనక బాత్‌రూములో ఉన్నారు. తాళం పడింది. ఆయన తలుపు బాదుతున్నారు. సిబ్బందిలో అందరికీ తెలుసు. బ్యాండు వాళ్ళని ఇంకాస్త గట్టిగా వాయించమన్నారు గానీ ఒక్కడూ మీ అక్కకి చెప్పలేదు. "ఇప్పుడు ముఖ్య అతిథి ప్రసంగిస్తారు" అని ఆవిడ ప్రకటించింది. బ్యాండు ఆగింది. ఆ నిశ్శబ్దంలో దబదబమని తలుపు చప్పుడు. పిల్లలు చప్పట్లు కొట్టారు. ఇంటికొచ్చి మీ అక్క ఏమందో తెలుసా? "అతిథి ఇరుక్కున్నందుకు కాదండీ, అంతమందిలో ఒక్కరు కూడా నాతో చెప్పలేదు" అంది. తర్వాత భోజనం చెయ్యకుండా పడుకుంది. ఇది రాసినట్టు ఆవిడకి చెప్పకు. - బావ)


నత్తల గది, చెక్క గోడకి ఇవతల

అక్కకి,

ఈ ఉత్తరం రాయాలా వద్దా అని చాలా తటపటాయించాను.

కొత్త వైస్ చాన్సలర్ని ఎంపిక చేసే సంఘం కార్యదర్శి ఇవాళ వచ్చాడు. నా కుర్చీలో కూర్చుని, టీ తాగి, చివరికి మిగిలిన పేర్లు మూడని చెప్పాడు. ఒకటి నాదట. నేను దరఖాస్తు పెట్టలేదు, లైబ్రేరియనూ వార్డెనూ కలిసి నా పేరు పంపారు. రెండోది ఎవరో ఇంజనీరింగ్ ప్రొఫెసరు. మూడోది, "ఎవరో లేడీ రిజిస్ట్రారండీ, మహా గట్టి మనిషి, ముఖ్య అతిథుల్నే గదిలో పెట్టి తాళం వేస్తుందట" అన్నాడు.

కిటికీల సంగతి అప్పుడు వెలిగింది నాకు.

నువ్వు ఈ ఉద్యోగం కోరుకున్నావని బాధ కాదు. నాకంటే నీకు వందరెట్లు నప్పుతుంది. నాకు పాఠాలు చెబుతూ, వంటింటి అటకల గురించి అడుగుతూ, అసలు మాట కడుపులో దాచుకున్నావు చూడు, అది గుచ్చుకుంది. నేనేమన్నా పరాయివాణ్ణా? ఎంపిక సంఘం వాళ్ళు రేపు నీ గురించి నన్నడుగుతారట. చెప్పాల్సింది చెబుతాను.

తమ్ముడు


ఇంటి నుంచి

తమ్ముడూ,

రెండు కాగితాలు చింపి ఇది మూడోది రాస్తున్నాను.

నీకు చెప్పకపోవడానికి కారణం నువ్వే. చెబితే ఏం చేసేవాడివి? "సరే అక్కా, నువ్వే తీసుకో" అని ఆ క్షణమే లేచి నిలబడేవాడివి. అవునా కాదా, గుండె మీద చెయ్యేసుకుని చెప్పు. ఆ తర్వాత నేను ఎంత గొప్పగా పనిచేసినా, తమ్ముడు వదిలేసిన కుర్చీ ఏరుకున్నదనే అనుకుంటారు. వాళ్ళ సంగతి సరే, నేనే అనుకుంటాను. ఈ ఒక్కటి నాకు నేనుగా గెలుచుకోవాలనుందిరా. ఎవరూ జాలిపడి ఇవ్వకూడదు. ముఖ్యంగా నువ్వు.

దాచినందుకు నీకు కష్టం కలిగింది, అది నాకు తెలుస్తోంది. తెలిసినా ఏం చెయ్యాలో తెలియడం లేదు.

వాళ్ళతో ఏం చెప్పావు? వెంటనే రాయి.

అక్క

(మూడు రోజులుగా బీరువా సర్దుతోంది. నా బూట్లు ఎక్కడున్నాయో దొరకడం లేదు. త్వరగా రాయవోయ్. - బావ)


వైస్ చాన్సలర్ గది
(సామాను సర్దుకుంటూ)

అక్కకి,

గెలిచావు! పెద్ద కాగితం మీ ఇంటికి రేపో ఎల్లుండో వస్తుంది. ఈలోగా నువ్వు నన్ను అనుమానించకుండా ఉన్నది ఉన్నట్టు రాస్తున్నాను.

వాళ్ళు ముందు నా గురించే అడిగారు. "కొనసాగుతారా?" అంటే "సరే" అన్నాను. నోరు కదా, అలవాటు. తర్వాత నీ గురించి అడిగారు. "మా అక్క కంటే సమర్థురాలు మీకు దొరకదండీ. ఒకటే లోపం, ఆవిడకి ఎదురు చెప్పే మనిషి పక్కన ఉండాలి" అన్నాను. ఇంజనీరింగాయన గురించి అడిగితే ఆయనా బంగారం లాంటి మనిషన్నాను. అసలు ఆయన్ని నేనెప్పుడూ చూడలేదు. సంఘం పెద్దావిడ కళ్ళద్దాలు తీసి, "మాస్టారూ, ఈ గుమ్మంలోంచి ఎవరు తొంగిచూసినా మంచివాళ్ళేనంటారా?" అంది. అప్పుడే టీ పట్టుకుని లోపలికొచ్చినావిణ్ణి చూసి "ఈవిడ కూడా బాగా చేస్తుందండీ" అన్నాను. నా మాట మొత్తం లెక్కలోంచి కొట్టేశారు.

కాబట్టి నా సిఫార్సుకి చిల్లిగవ్వ విలువ లేదు. నువ్వు నీ సత్తా మీదే గెలిచావు. ఎవరూ ఇవ్వలేదు. ఇంక హాయిగా కిటికీలకి గుడ్డ కొనుక్కో.

నువ్వొస్తున్నావంటే నాకెంత సంతోషంగా ఉందో రాయలేను.

నీ తమ్ముడు


వైస్ చాన్సలర్ గది, పై అంతస్తు
(కుర్చీ నిండా కూర్చుని)

జంతుశాస్త్ర ఆచార్యుల వారికి,

విషయం: నత్తల గది ఖాళీ చేయుట గురించి.

నాయకత్వ శిక్షణ కేంద్రం విస్తరణ నిమిత్తం నేలమాళిగ గదిలోని మిగిలిన సగభాగం కూడా ఆ కేంద్రానికి కేటాయించడమైనది. వచ్చే సోమవారం లోగా తొట్లతో సహా పై అంతస్తుకు మారవలసినదిగా ఆదేశిస్తున్నాను.

వైస్ చాన్సలర్

తమ్ముడూ, ఒకే మేడలో ఉండి ఉత్తరమేమిటని అనుకోకు, నీతో నోటిమాటగా ఏది చెప్పినా సరే అంటావు, తర్వాత చెయ్యవు. స్టైలు మాస్టారు మహా చురుకైనవాడు. నాది దార్శనిక నాయకత్వమట. నీకు ఎండ తగిలే మంచి గది ఇస్తున్నాను, కిటికీలు కూడా పెద్దవి. రాత్రి భోజనానికి రా. మీ బావకి వంటిల్లు ఎక్కడుందో నిన్ననే దొరికింది.


నత్తల గది, నేలమాళిగ

గౌరవనీయ వైస్ చాన్సలర్ గారికి,

ఖాళీ చెయ్యను.

అక్కా, ఈ మాట రాసి ఒకసారి లేచి గదంతా తిరిగొచ్చాను. మళ్ళీ కూర్చుని రాస్తున్నాను. ఇవ్వను. ససేమిరా ఇవ్వను. ఎండ తగిలే గదంటావేమిటి, నీకేమైనా మతిపోయిందా? ఎండ తగిలితే చస్తాయని మొదటి ఉత్తరంలోనే రాశాను కదా! నువ్వు కిటికీల గురించి చదివినంత శ్రద్ధగా నత్తల గురించి చదవలేదు. చెక్క గోడ కూడా తీయించు. సింహాల్ని వేరే చోట లేపుకోమను.

ఇంతకాలం నేనెవరినీ ఎందుకు కాదనలేకపోయానో రాస్తుంటే తెలిసొచ్చింది. కాదంటే వాళ్ళు మళ్ళీ మొహం చూడరేమోనని భయం. లైబ్రేరియనైనా, స్టైలు మాస్టారైనా, దారిన పోయేవాడైనా అదే భయం. నీతో ఆ భయం లేదు. నువ్వు ఎంత అరిచినా, ఉద్యోగం పీకేస్తానన్నా, రాత్రికి భోజనానికి రమ్మనే అంటావు. కాబట్టే నీ మీద అనగలిగాను. లోకంలో ఇంకెవరినీ అనలేక నిన్నే అన్నందుకు ఏమీ అనుకోకు.

అనుకున్నా సరే. గది మాత్రం ఇవ్వను.

తమ్ముడు


వైస్ చాన్సలర్ గది

ఒరేయ్,

చదివి ఒళ్ళు మండింది. ఆ మంటతోనే నిన్ను నిలబెట్టి కడిగేద్దామని మెట్లు దిగి వచ్చాను. నువ్వు క్లాసుకెళ్ళావు. చల్లగా ఉందిరా ఆ గది. తొట్ల ముందు నీ స్టూలు మీద కూర్చున్నాను. అవతల్నుంచి స్టైలు మాస్టారు సింహంలా గర్జించడం నేర్పుతున్నాడు. ఆ గర్జనకి తొట్లో ఒక చిన్నది కొమ్ములు లోపలికి లాక్కుంది. మళ్ళీ బయటికి వస్తుందేమోనని చూశాను. రాలేదు. నాకెందుకో మా పాత ఆఫీసు వరండా గుర్తొచ్చి లేచి బయటికి వచ్చేశాను.

మొదటి ఉత్తరం మళ్ళీ తీసి చదివాను. రాశావు, ఎండిపోయి చస్తాయని. నేను చూసుకోలేదు. నేను పొరపాటు పడ్డాను.

ఉత్తర్వు రద్దు చేశాను. చెక్క గోడ రేపు విప్పేస్తారు. స్టైలు మాస్టారికి ఎండ తగిలే గది ఇచ్చాను. "సింహాలకి ఎండే మంచిది మేడం" అన్నాడు. నేను వెనక్కి తగ్గడం ఏ శైలి కిందికి వస్తుందో చెబుతానని కూర్చోబోయాడు. "బయటికి నడు" అన్నాను. అది మాత్రం మానలేను.

ఎదురు చెప్పే మనిషి పక్కన ఉండాలని ఎంపిక సంఘం వాళ్ళతో అన్నావు కదా. అప్పుడు చదివి తిట్టుకున్నాను. ఎల్లుండి డీన్ల మీటింగులో పెట్టడానికి పరీక్షల పద్ధతంతా మారుస్తూ ఒక ఉత్తర్వు తయారుచేశాను. ఇరవైమందికి చూపించాను. అందరూ అద్భుతం మేడం అన్నారు. ఒక్కడూ ఒక్క అక్షరం మార్చమనలేదు. తమ్ముడూ, నాకు భయంగా ఉంది. క్లాసయ్యాక పైకి రా. కూర్చుని మొత్తం చదువు. ఎక్కడ తప్పుందో చెప్పు.

అక్క